మిగిలినవాళ్ళందరూ

కొత్త కేలండరు ఇంటికొచ్చిన రోజు మా అమ్మకి పెద్ద పని. పాతదాన్ని మేకు మీంచి దింపి, రెండిటినీ చాపమీద పక్కపక్కన పరుచుకుని, కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని, తద్దినాల తిథులన్నీ ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి ఎక్కిస్తుంది. మాఘ బహుళ పాడ్యమి గడిలో 'మామగారు', శ్రావణ బహుళ తదియ గడిలో 'పెద్దక్క'. వర్జ్యానికీ రాహుకాలానికీ మధ్య మిగిలిన కాస్త చోటులో పట్టేటంత సన్నటి అక్షరాలు. నేను పక్కన కూచుని కాఫీ తాగుతూ చూస్తుంటాను. ఫోన్లో పెట్టుకుంటే అదే గుర్తుచేస్తుంది కదమ్మా అంటే, "ఎవరో గుర్తుచేస్తే గుర్తొచ్చేవాళ్ళా వాళ్ళు?" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబుండదు. భాద్రపదం పేజీకి వచ్చేసరికి పెన్ను కాసేపు ఆగుతుంది. మహాలయ అమావాస్య గడిలో ఏ పేరూ రాయదు. 'మిగిలినవాళ్ళందరూ' అని రాసి పేజీ తిప్పేస్తుంది.

ఎవరమ్మా వీళ్ళంతా అని అడిగాను ఒకసారి. వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. తిథి తెలియనివాళ్ళు, పిల్లలు లేకుండా పోయినవాళ్ళు, కాశీకని బయల్దేరి మళ్ళీ ఊళ్ళో కనబడనివాళ్ళు, పురుట్లోనే పోయి పేరైనా పెట్టనివాళ్ళు. తెలంగాణలో ఆ రోజునే పెత్రమాస అంటారు. పొద్దున బియ్యమూ పప్పూ కూరగాయలూ స్వయంపాకమిచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. పెద్దల దినమూ పూల పండగా ఒకే రోజులో ఎలా ఇమిడాయో అని నాకెప్పుడూ ఆశ్చర్యమే. అంతకన్నా ఆశ్చర్యం దానికి ముందురోజు. ఆ చతుర్దశి దగ్గర పంచాంగాల్లో 'శస్త్రహత మహాలయం' అని వేస్తారు. ఆయుధం దెబ్బకి పోయినవాళ్ళకి అదొక్కటీ విడిగా అట్టేపెట్టిన రోజు. అంటే ఏ కాలంలోనో ఎవరో కూచుని ఇదంతా ఆలోచించారన్నమాట. యుద్ధానికి పోయినవాడు ఏ ఘడియలో పడ్డాడో ఇంట్లోవాళ్ళకి తెలియదు. కబురు వస్తే ఆర్నెల్లకి వస్తుంది, రాకపోతే లేదు. ఆ ఇల్లాలు ఏ రోజున ఏడవాలి? ఇంత లౌకికమైన ఇబ్బందికి పంచాంగంలో ఒక గడి ఉండటం నాకు నచ్చింది. నమ్మకం సంగతి వేరు. అది నాకు ఉందో లేదో నాకే సరిగ్గా తెలియదు.

అమ్మ చెప్పిన ఆ మిగిలినవాళ్ళలో మా తాతగారి చిన్నాన్న కొడుకు ఒకాయన ఉన్నాడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి మద్రాసు దాకా రైల్లో వెళ్ళి, అక్కడ ఓడెక్కి మలయాలో పేరా రాష్ట్రంలోని బాగన్ దాతో కొబ్బరితోటలకి పోయాడు. ఆ వైపు తోటల్లో ఇవాళ్టికీ తెలుగువాళ్ళున్నారు. ఆయన దగ్గర్నుంచి ఒకే ఉత్తరం వచ్చిందని నాయనమ్మ చెప్పేది. అందులో తోట గురించి రెండు ముక్కలు, ఓడ గురించి పేజీన్నర. డెక్కుమీద చాపలు పరిచి వేలమంది పడుకోవడం, తెల్లవారుజామున ఖలాసీలు గొట్టాలతో నీళ్ళు కొట్టి డెక్కు కడుగుతూ అందర్నీ లేపెయ్యడం, మూడురోజులపాటు వాంతులు, ఎవరో ఖలాసీ నిమ్మకాయ తెచ్చిచ్చి చీకమనడం, ఆఖర్న పెనాంగు పక్కన జెరెజాక్ దీవిలో క్వారంటైను. ఆ ఓడ పేరు రజులా. మద్రాసు, నాగపట్నం, పెనాంగు, సింగపూరు తిరిగే ఓడ అది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది, బి.ఐ. కంపెనీ అనేవాళ్ళు. 1926లో కట్టారు. ఐదువేలమందికి పైగా డెక్కు ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి దానికి లైసెన్సు ఉండేది. 1970ల దాకా తిరిగిన ఓడ కాబట్టి దక్షిణాదిలో రెండు తరాల వలసకి అదే వాహనం. దాని గురించి ముచ్చటగా చెప్పుకునేవాళ్ళు మలేషియాలో, చెన్నైలో ఇంకా ఉన్నారు.

ఆ ఓడ కథ వెతుకుతూ పోతేనే రోహ్నా తగిలింది. అదే ఏడు, అదే కంపెనీకి, అదే దారికోసం కట్టిన ఇంకో ఓడ. కవలలనే అనొచ్చు. నౌకానిర్మాణశాలలు మాత్రం వేరు. రజులా గ్లాస్గోలో, రోహ్నా న్యూకాసిల్ దగ్గర తయారయ్యాయి. మన కూలీల్ని మోసినంతకాలం మోసి, యుద్ధం రాగానే రెండూ సైనికుల్ని మోసే పనిలో పడ్డాయి. రజులా బతికి బయటపడింది. రోహ్నా 1943 నవంబరు 26న అల్జీరియా తీరానికి దగ్గర్లో మధ్యధరా సముద్రంలో మునిగింది. తిథి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. స్వభాను నామ సంవత్సరం, కార్తీక బహుళం, అమావాస్య అంచు. ఇంట్లో నేర్చిన అలవాటు అంత తేలిగ్గా పోతుందా? అయితే ఆ లెక్క ఊరికే పోలేదు. ఆ రాత్రి సముద్రంమీద వెన్నెల లేదని అర్థమైంది. నీళ్ళలో పడ్డవాళ్ళని చీకట్లోనే, కేకల్నిబట్టి వెతుక్కోవాల్సి వచ్చిందని అర్థమైంది.

ఓడమీద దాదాపు రెండువేలమంది అమెరికన్ సైనికులున్నారు. ముందురోజే వాళ్ళ థాంక్స్‌గివింగ్ పండగ, ఆ రోజే ఓరాన్ రేవు నుంచి బయల్దేరారు. గమ్యం ఇండియా. సూయజ్ దాటి బొంబాయి చేరి, అక్కణ్ణుంచి బర్మా, చైనా యుద్ధరంగానికి పనిచెయ్యాలి. ఎక్కువమంది తుపాకీ పట్టి ముందు వరసలో నిలబడేవాళ్ళు కూడా కారు. 853వ ఇంజనీర్ ఏవియేషన్ బెటాలియన్ అంటే విమానాలు దిగడానికి నేల చదును చేసి రన్‌వేలు పరిచేవాళ్ళు. మన భాషలో మేస్త్రీలు, డ్రైవర్లు, మరలు బిగించేవాళ్ళు. సాయంత్రం జర్మన్ విమానాలు వచ్చాయి. ఒక హైంకెల్ విమానం నుంచి జారిన బాంబుకి రెక్కలున్నాయి. హెన్షెల్ 293 అనే ఆ బాంబుని విమానంలో కూచున్నవాడు రేడియోతో నడిపించగలడు. తోకలో వెలిగే మంటని చూస్తూ చిన్న మీట తిప్పుతూ ఓడమీదికి తెచ్చాడు. ఇంజను గది దగ్గర తగిలింది. గంట, గంటన్నరలో రోహ్నా మునిగిపోయింది. 1,015 మంది అమెరికన్ సైనికులు పోయారు. శత్రువు దాడిలో ఒక్క ఓడమీద అమెరికా సైన్యం సముద్రంలో పోగొట్టుకున్న ప్రాణాల్లో అదే పెద్ద లెక్క.

సంఖ్యలు చదివితే మనసు మొద్దుబారుతుంది. నన్ను కుదిపింది నడుముపట్టీ సంగతి. ఓడెక్కినవాళ్ళకి గాలి నిండే రబ్బరు పట్టీలిచ్చారు. చిన్న గ్యాసు గొట్టాన్ని నొక్కితే పట్టీ ఉబ్బుతుంది. చాలామంది దాన్ని మామూలు బెల్టులాగానే నడుముకి పెట్టుకున్నారు. చంకల కింద బిగించుకోవాలని వాళ్ళకి ఎవరూ గట్టిగా చెప్పలేదు. నడుము దగ్గర ఉబ్బితే మనిషి పైభాగం బరువుకి తల్లకిందులవుతాడు. అంటే తేల్చాల్సిన వస్తువే తలని నీళ్ళ కిందికి తోసింది. బాంబు తప్పించుకుని, మంట తప్పించుకుని, తాడు పట్టుకుని జాగ్రత్తగా నీళ్ళలోకి దిగినవాడు కూడా ఒక చిన్న సూచన అందక పోయాడు. పడవలా, వాటిలో చాలావాటిని దించలేకపోయారు. కొన్ని పేలుడుకి చెదిరాయి, కొన్ని తాళ్ళూ కప్పీలూ తుప్పుపట్టి కదల్లేదు. యుద్ధంలో చావంటే శత్రువు చంపడమే అనుకుంటాం. తీరా దగ్గరికెళ్ళి చూస్తే అందులో శత్రువు వాటా ఎంత, తుప్పు వాటా ఎంత, చెప్పనివాడి వాటా ఎంత? పయనీర్ అనే అమెరికన్ మైన్‌స్వీపరు ఆ చీకట్లో ఆగి ఆరువందలమందికి పైగా పైకి లాగింది. లాగిన నావికులు చేతులు నెప్పి పుట్టి పడిపోయేదాకా లాగి ఉంటారు. ఆ వాటా కూడా వెయ్యాలి మరి.

తర్వాత జరిగింది మునగడం కన్నా వింతగా ఉంటుంది. బతికినవాళ్ళని నోరెత్తొద్దన్నారు, ఉత్తరాల్ని సెన్సారు చేశారు. ఇళ్ళకి తంతి వెళ్ళింది, మీవాడు ఉత్తరాఫ్రికా ప్రాంతంలో కనబడటం లేదని. ఎక్కడ, ఏ ఓడ, ఎలా అన్నదేమీ లేదు. 1944 ఫిబ్రవరిలో ఐరోపా జలాల్లో ఒక ఓడ మునిగి వెయ్యిమంది పోయారని మాత్రం ప్రకటించారు, పేరు చెప్పలేదు. యుద్ధం చివర్లో మరి కొంచెం చెప్పారు. రేడియోతో నడిచే బాంబు సంగతి మాత్రం 1960ల దాకా బయటికి రాలేదు. ఎందుకింత దాపరికం? మొదట్లో నాకు కోపమే వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, యుద్ధం జరుగుతుండగా ఆ జాగ్రత్తకి ఒక అర్థముందనిపించింది. ఆ ఆయుధం ఉందని మిత్రరాజ్యాలకి ముందే తెలుసు. మూణ్ణెల్ల కిందటే బిస్కే అఖాతంలో ఈగ్రెట్ అనే బ్రిటిష్ యుద్ధనౌకని అలాంటిదే ముంచింది. తమ బాంబు ఎంత బాగా పనిచేసిందో జర్మన్లకి కచ్చితంగా తెలియకూడదన్నది లెక్క. సరే, ఒప్పుకుందాం. కానీ హిట్లరు పోయాక? జర్మనీ రెండు ముక్కలయ్యాక? అప్పుడా రహస్యం ఎవరి నుంచి? ఇంక మిగిలింది కాన్సస్‌లోనో టెన్నెసీలోనో గుమ్మంలో కూచున్న ఒక తల్లే కదా! ప్రభుత్వానికి దాచాలనే పట్టుదల కూడా అప్పటికి ఉండకపోవచ్చు. ఫైలు మూసి బీరువాలో పెట్టినవాడు బదిలీ అయిపోయి ఉంటాడు. తెరవమని ఎవరూ అడగలేదు, వాళ్ళూ తెరవలేదు. నాకైతే కుట్ర కన్నా ఇదే ఎక్కువ భయం వేస్తుంది.

శవం దొరకనివాడి విషయంలో మన పెద్దలకీ ఒక పద్ధతుంది. పన్నెండేళ్ళు చూసి, మోదుగ కాడలతోనో దర్భలతోనో మనిషి ఆకారం కట్టి, దానికి దహనం చేసి, అప్పుడు కర్మ చేస్తారు. చిన్నప్పుడు ఇది విని నవ్వాను. గడ్డిబొమ్మని తగలేస్తే ఏమొస్తుందని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ పన్నెండేళ్ళలో ఆవిడ బొట్టు పెట్టుకోవాలా వద్దా, అన్నం రెండు విస్తళ్ళలో వడ్డించాలా ఒకదాంట్లోనా, పొలం ఎవరి పేర రాయాలి — ఇన్నిటికీ ఎక్కడో ఒక గీత గియ్యాలి. ఎదురుచూపుకి సెలవు ఇచ్చే అధికారం ఒకరికి ఉండాలి. అమెరికాలోనూ 1942లో ఇలాంటి చట్టమే ఒకటి చేశారు. కనబడకుండా పోయిన సైనికుడి కోసం పన్నెండు నెలలు చూసి, ఆ తర్వాత అధికారులు కూచుని చనిపోయినట్టు నిర్ణయించవచ్చు. వాళ్ళకి పన్నెండు నెలలు, మనకి పన్నెండేళ్ళు. తేడా ఓపికలో ఉందా, జీతం లెక్కల్లో ఉందా? అమ్మకి ఇదంతా చెప్తే ఓపిగ్గా విని, "మరి వాళ్ళు కిరస్తానీలు కదరా, మన నువ్వులూ నీళ్ళూ వాళ్ళకి ముడతాయా?" అంది. తెలియదన్నాను. "ముట్టకపోతే మాత్రం నష్టమేముంది," అని తనే తీర్పు చెప్పేసింది.

ఒక మనిషిని తలుచుకోవడానికి మూడు కావాలనిపిస్తుంది నాకు: పోయిన రోజు, పోయిన చోటు, పోయినవాడి పేరు. సముద్రం చోటుని తీసుకుంది. దాపరికం రోజుని తీసుకుంది. మిగిలింది పేరే. ట్యునీషియాలో కార్తేజ్ దగ్గర అమెరికన్ సైనిక శ్మశానం ఉంది. అక్కడ దేహాలు దొరకనివాళ్ళ కోసం కట్టిన పొడుగాటి గోడమీద 3,724 పేర్లున్నాయి. రోహ్నా సైనికుల పేర్లు అక్కడే చెక్కారు. ఆ గోడలో నాకు నచ్చింది ఒక చిన్న ఏర్పాటు. తర్వాతెప్పుడైనా ఎవరి అవశేషాలైనా దొరికి గుర్తిస్తే, ఆ పేరు చెరిపెయ్యరు. పక్కన ఒక చిన్న కంచు పువ్వు బిగిస్తారు. గోడంటే ముగిసిపోయిన లెక్క అనుకుంటాం కదా, ఇక్కడ లెక్క ఇంకా తెరిచే ఉంది. ఇక బతికినవాళ్ళు, పోయినవాళ్ళ పిల్లలూ 1990ల్లో ఒకర్నొకరు వెతుక్కున్నారు. 1996లో అలబామాలోని ఫోర్ట్ మిచెల్ జాతీయ శ్మశానంలో రోహ్నా పేర స్మారకశిల నిలబెట్టారు. మరుసటేడు కార్ల్‌టన్ జాక్సన్ అనే చరిత్రకారుడు పుస్తకం రాశాడు. 2000లో అమెరికన్ కాంగ్రెసు తీర్మానం చేసింది. నాన్న ఎలా పోయాడో అరవై ఏళ్ళ వయసులో తెలుసుకున్న కూతుళ్ళున్నారు. తెలిశాక ఏం చేస్తారు? అప్పటికి తల్లి కూడా పోయి ఉంటుంది. ఎవరికి చెప్తారు?

ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసెయ్యొచ్చు. నేను మూయలేకపోయాను, ఎందుకంటే ఓడని నడిపినవాళ్ళ గొడవ నన్ను వదల్లేదు. రోహ్నా సిబ్బంది దాదాపు రెండువందలమంది. అధికారులు బ్రిటిష్‌వాళ్ళు, మిగతా దాదాపు అందరూ మన దేశం ఖలాసీలు. ఆ రోజుల్లో అలాంటి ఓడల్లో పనికి చిట్టగాంగు, సిల్హెట్ నుంచీ, రత్నగిరి, గుజరాత్ తీరాల నుంచీ, గోవా నుంచీ వెళ్ళేవాళ్ళు. ఆ సాయంత్రం సిబ్బందిలో సగానికి పైగా పోయారు. అమెరికన్ సైనికుల జ్ఞాపకాల్లో వీళ్ళు ఎలా కనబడతారో తెలుసా? ఫిర్యాదుగా. ముందే పడవలెక్కి పోయారని, ప్రయాణికుల్ని గాలికొదిలేశారని. ఎవరో కొందరు ఎక్కి ఉంటారు, కాదనను. మునిగే ఓడమీద ఎవరెలా ఉంటారో పొడినేలమీద కూచుని చెప్పడానికి నేనెవర్ని? కానీ లెక్క కుదరాలి కదా. అందరికన్నా ముందు పడవలెక్కినవాళ్ళు సగానికి పైగా ఎలా చచ్చిపోయారు? బాంబు తగిలింది ఇంజను గది దగ్గర. ఆ సాయంత్రం కింద పనిలో ఉన్నవాళ్ళకి పైకి రావడానికి మెట్లే మిగిలి ఉండవు. వాళ్ళు పారిపోయారా లేదా అని చూసి చెప్పడానికి డెక్కుమీద నిలబడ్డ సైనికుడికి కనబడే చోటే కాదది. వాళ్ళ వైపు నుంచి ఒక్క మాటైనా నాకు దొరకలేదు. వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకున్నారేమో. ఏ భాషలోనో.

ఇంకో ఓడ గుర్తొస్తుంది. 1917 ఫిబ్రవరి 21న ఇంగ్లండు దగ్గర వైట్ దీవి పక్కన మెండీ అనే ఓడ ఇంకో ఓడ గుద్ది మునిగింది. దాంట్లో ఫ్రాన్సుకి పనికెళ్తున్న దక్షిణాఫ్రికా నల్లజాతి కూలీలు ఆరువందలమందికి పైగా పోయారు. మునుగుతున్న డెక్కుమీద వాళ్ళంతా పాదరక్షలు విప్పి, తమ ఫాదరీ మాటలు విని, మృత్యునాట్యం చేశారని అక్కడ కథ. విచారణ కాగితాల్లో అలాంటిదేమీ లేదంటారు చరిత్రకారులు. ఉండకపోవచ్చు. జనం తమవాళ్ళకి ఒక చావుని కట్టిచ్చుకున్నారు, అంతే. అబద్ధమని నేను దాన్ని తోసెయ్యలేను. మెండీ కూలీలకి కథ మిగిలింది, సౌతాంప్టన్‌లోని హాలీబ్రూక్ స్మారకం మీద పేర్లూ మిగిలాయి. రోహ్నా ఖలాసీలకి కథ లేదు, నాట్యం లేదు. ఎవరో చేసిన ఫిర్యాదు మిగిలింది.

పేర్లు మాత్రం ఉన్నాయి. రెండో యుద్ధంలో పోయి సముద్రమే సమాధి అయిన భారతీయ నావికులు, వ్యాపారనౌకల సిబ్బంది ఆరువేలమందికి పైగా. వాళ్ళ కోసం ముంబైలోని నావికుల వసతిగృహంలోనూ, చిట్టగాంగు యుద్ధశ్మశానంలోనూ స్మారకం పెట్టారు. గోడమీద చెక్కిన పేర్లు కావవి. పుస్తకంలో రాసిన పేర్లు. ఒకే పుస్తకానికి రెండు ప్రతులు, ఇప్పుడు రెండు దేశాల్లో. పుస్తకమంటే ఎవరైనా తీసి ఆ పేజీ తిప్పితేనే పేరు కనబడుతుంది. గోడలాగా దారిన పోయేవాణ్ణి అది ఆపదు. రోహ్నా కవల రజులా 1974లో ఆ ముంబైలోనే పాత ఇనుముగా తెగిపోయింది. ఓడకున్నంతమంది అభిమానులు ఓడ నడిపినవాళ్ళకి లేకపోవడం కొత్తేమీ కాదు. రైలింజన్ల ఫొటోలు గోడకి తగిలించుకున్నవాళ్ళని చూశాను. బొగ్గు వేసినవాడి ఫొటో మాత్రం ఎక్కడా చూడలేదు.

అమెరికన్లు చేసిన పని పెద్దదేం కాదు నిజానికి. పాత చిరునామాలు పట్టుకుని ఉత్తరాలు రాశారు, మీ నాన్న ఫలానా ఓడలో ఫలానా సాయంత్రం పోయాడని చెప్పారు, బతికున్నవాళ్ళని ఒక గదిలో కూచోబెట్టారు. ఇటువైపు అదే పని మొదలుపెట్టాలంటే చిట్టగాంగుకీ రత్నగిరికీ వెళ్ళి, ఆ పుస్తకంలో పేర్లు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. ఇదే మాట మొన్న మా అబ్బాయితో అంటే, "ఎనభై ఏళ్ళు దాటింది నాన్నా, ఇప్పుడెందుకు? పైగా అందులో మనవాళ్ళెవరున్నారు?" అన్నాడు. మనవాళ్ళంటే ఎవరో నేను తేల్చి చెప్పలేకపోయాను. మొదటి ప్రశ్నకి మాత్రం జవాబుంది. అలబామాలో ఆ రాయి నిలబెట్టేసరికి యాభై ఏళ్ళు దాటిపోయాయి. ఇప్పుడెందుకని అక్కడ ఎవరూ అడగలేదు.